ఊబిలో దిగే సరదా: చోటు తెలిసినవాడు పక్కన ఉన్నాడా?

బురదలో నడుము దాకా దిగబడి, కాసేపు అక్కడే ఉండి, మెల్లగా పైకి రావడం కొందరికి పెద్ద సరదా. లోతైన అడుసు ఎక్కడుంది, ఊబి ఎక్కడ దొరుకుతుంది అని వెతుక్కుంటూ వెళ్లేవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. ఆ వీడియోలు ఇప్పుడు మన పిల్లల ఫోన్లలో కూడా కనిపిస్తున్నాయి.

'అడుసు తొక్కనేల, కాలు కడగనేల' అని కొట్టిపారేయడం తేలిక. అయితే మన కుటుంబాలు తరాలుగా ఉంటున్న ఊళ్లు చూడండి. యానాం గౌతమి ఒడ్డున ఉంది. పులికాట్ సరస్సు చుట్టూ, గంజాం తీరం వెంట, ముంబై క్రీకుల పక్కన, తుంగభద్ర జలాశయం కింద మనవాళ్లు ఉన్నారు. ఇవన్నీ బురదకు కొదవలేని చోట్లే. మన పిల్లలకు ఊబి వెతుక్కుంటూ దూరం పోవాల్సిన పని లేదు. కాబట్టి వద్దని ఒక్క మాట అని ఊరుకుంటే చాలదు. ఏది ఆట, ఏది ప్రాణాంతకం అన్నది తెలియాలి.

సినిమా ఊబి వేరు, అసలు ఊబి వేరు

సినిమాల్లో మనిషిని ఊబి తల దాకా మింగేస్తుంది. నిజానికి అలా జరగదు. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ బాన్ బృందం ఇరాన్ నుంచి తెచ్చిన ఊబి ఇసుకను పరీక్షించి, 2005లో 'నేచర్' పత్రికలో ఫలితాలు ప్రచురించింది. ఊబి సాంద్రత నీటికి సుమారు రెండింతలు. మనిషి సాంద్రత దాదాపు నీటితో సమానం. కాబట్టి నడుము దాకా దిగాక మనిషి తేలతాడే తప్ప మునగడు.

మరి ప్రమాదమెక్కడ? కాలు కదిపినప్పుడు ఇసుక, బంకమట్టి, ఉప్పునీరు కలిసి పల్చబడతాయి. కాలు లోపలికి జారుతుంది. తర్వాత ఇసుక అడుగున పేరుకుని, కాళ్ల చుట్టూ గట్టిపడి పట్టేస్తుంది. అందులోంచి పాదాన్ని సెకనుకు ఒక సెంటీమీటరు వేగంతో పైకి లాగాలంటే ఒక మోస్తరు కారును ఎత్తేంత బలం కావాలని ఆ బృందం లెక్కగట్టింది. అందుకే తాడు కట్టి గట్టిగా గుంజితే మనిషి రాడు సరికదా, కీళ్లు దెబ్బతింటాయి.

ఇంకో సంగతి. ఈ తేలే లెక్క ఇసుక ఊబికి వర్తిస్తుంది. నీళ్లు ఎక్కువగా ఉన్న పల్చటి ఒండ్రుకు ఆ భరోసా లేదు. అందులో బోర్లా పడితే చేతులు ఆనించి లేవడానికి గట్టి నేల దొరకదు.

ప్రాణం తీసేది బురద కాదు, పోటు

ఊబిలో జరిగే మరణాల్లో ఎక్కువ భాగం ఊబి వల్ల కావు. కాలు ఇరుక్కున్నాక ముంచుకొచ్చే సముద్రపు పోటు, చలి, అలసట వల్ల జరుగుతాయి. అమెరికాలోని అలాస్కాలో టర్నగైన్ ఆర్మ్ అనే సముద్రపు పాయ ఉంది. హిమానీనదాలు తెచ్చిన మెత్తటి ఒండ్రు అక్కడ మైళ్ల కొద్దీ పరుచుకుని ఉంటుంది. 2023 మే నెలలో స్నేహితులతో కలిసి దాని మీద నడుస్తున్న 20 ఏళ్ల యువకుడు నడుము దాకా ఇరుక్కున్నాడు. సహాయక సిబ్బంది వచ్చారు, కానీ వాళ్లు బయటికి తీసేలోపే పోటు వచ్చేసింది.

ఇంగ్లండ్‌లోని మోర్‌కాంబ్ తీరం కథ ఇంకా పెద్దది. 2004 ఫిబ్రవరి 5 రాత్రి అక్కడ గుల్లలు ఏరుతున్న చైనా వలస కూలీలు కనీసం 21 మంది పోటులో చిక్కుకుని చనిపోయారు. వాళ్లు సరదాకు వెళ్లినవాళ్లు కాదు, పొట్టకూటికి వెళ్లినవాళ్లు. ఆ ఇసుక తీరు తెలియదు, పోటు వేళ తెలియదు, తెలిసినవాడు వెంట లేడు. ఆ ఘటన తర్వాతే కూలీలను సరఫరా చేసే మేస్త్రీలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ అక్కడ చట్టం వచ్చింది.

సురక్షితంగా ఆడుతున్నవాళ్లు ఏం చేస్తున్నారు?

అదే మోర్‌కాంబ్ తీరంలో వేసవిలో వందలాది మంది గుంపులుగా ఇసుక దాటుతారు. వాళ్లను నడిపించేది రాజముద్ర ఉన్న ఒక మార్గదర్శి. ఆ పదవి 16వ శతాబ్దం నుంచీ ఉంది. సెడ్రిక్ రాబిన్సన్ అనే మత్స్యకారుడు 1963 నుంచి 2019 దాకా ఆ పని చేశారు. జీతం ఏడాదికి 15 పౌండ్లు, ఉండటానికి ఒక ఇల్లు. ముందే వెళ్లి దారి పరీక్షించి, గట్టి నేల ఉన్నచోట చెట్టుకొమ్మలు గుచ్చి గుర్తు పెట్టడం ఆయన పద్ధతి. ఊబి అక్కడ చోటు మారుతూ ఉంటుంది. కిందటి నెల గట్టిగా ఉన్న నేల ఈ నెల గట్టిగా ఉండదు.

ఫ్రాన్స్‌లోని మోం సాం మిషెల్ తీరంలో గైడ్లు పర్యాటకులను ఊబి దగ్గరికి తీసుకెళ్లి, దిగనిచ్చి, బయటపడటం ఎలాగో నేర్పుతారు. నెదర్లాండ్స్‌లో బురద తీరాల మీద గుంపులను నడిపించే గైడ్లకు అనుమతి పత్రం ఉండాలి. దక్షిణ కొరియాలోని బోర్యాంగ్‌లో 1998 నుంచి జరిగే బురద పండుగలో జనాన్ని ఊబి దగ్గరికి పంపరు. బురదనే తొట్లలోకి తెచ్చి పోస్తారు. మన దగ్గర కూడా గోవాలో ఆషాఢంలో జరిగే చిఖల్ కాలో, తుళునాడు ఊళ్లలో వరి మళ్లలో పెట్టే ఆటలు ఇలాంటివే. అడుగు తెలిసిన నేల మీద, నలుగురి మధ్య ఆడే ఆటలు అవి.

వీటన్నిటిలో బురద ఉంది, ఆట ఉంది. ఒంటరిగా కొత్త చోటు వెతుక్కోవడం మాత్రం లేదు.

మన చోట్ల సంగతి

యానాం పక్కన కోరింగ మడ అడవుల్లో బురద కంటే ముందు కాలికి తగిలేవి శ్వాసవేర్లు. మేకుల్లా నిలబడి ఉంటాయి. దూకితే పాదం చీలుతుంది. పైగా మడ అడవులు, జీవరాశి ఉన్న బురద మైదానాలు 2019 నాటి తీర నియంత్రణ మండలి నోటిఫికేషన్ కింద అత్యంత సున్నిత ప్రాంతాలు. అవి పీతలకు, పక్షులకు ఇల్లు. గుంపులుగా తొక్కి ఆడుకునే మైదానాలు కావు.

ముంబై పక్కన థానే క్రీకుకు 2022లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. ఫ్లెమింగోలు వచ్చే ఆ బురదలోకి నగరం మురుగు కూడా చేరుతుంది. పుండ్లున్న కాళ్లతో అలాంటి బురదలో దిగితే లెప్టోస్పైరోసిస్ వచ్చే ముప్పుంది. కర్ణాటక తీరంలో ఉడుపి, దక్షిణ కన్నడ జిల్లాల్లో మట్టి నుంచి సోకే మెలియాయిడోసిస్ వైద్యులకు బాగా తెలిసిన జబ్బు. మధుమేహం ఉన్నవాళ్లకు అది మరీ ప్రమాదం.

తుంగభద్ర జలాశయం కట్టినప్పుడు సామర్థ్యం సుమారు 133 టీఎంసీలు. పూడిక పేరుకుని ఇప్పుడు సుమారు 105 టీఎంసీలకు తగ్గింది. ఎండాకాలం నీరు వెనక్కి తగ్గినప్పుడు ఆ పూడిక బయటపడుతుంది. పైన పెచ్చు కట్టి నెర్రెలిచ్చి గట్టిగా కనిపిస్తుంది, కింద మెత్తగా ఉంటుంది. గంగావతి, సింధనూరు వైపు క్యాంపుల్లో ఉన్న మన రైతు కుటుంబాలు పిల్లలకు ముందుగా చెప్పాల్సిన సంగతి ఇది. నదుల్లో ఇసుక తవ్వి వదిలేసిన గుంటలదీ అదే తీరు. పైకి మోకాలి లోతు నీళ్లే, అడుగు మాత్రం తెలియదు.

తెలిసినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు

పూరీ సముద్రంలో స్నానానికి దిగేవాళ్ల చెయ్యి పట్టుకుని అలల్లోకి తీసుకెళ్లి మళ్లీ ఒడ్డుకు చేర్చే నోలియాలను చూసే ఉంటారు. పెంటకటలో స్థిరపడిన తెలుగు మత్స్యకార కుటుంబాలవాళ్లే వాళ్లలో చాలామంది. కోణాకారపు టోపీ పెట్టుకున్న నోలియా పక్కన ఉంటే చాలు, యాత్రికులకు ధైర్యం. యానాంలో, పులికాట్‌లో పీతలు పట్టేవాళ్లకు, గుల్లలు ఏరే ఆడవాళ్లకు బురద మీద అలాంటి ఎరుకే ఉంది. ఎక్కడ కాలు పెట్టాలి, ఏ వేళకు వెనక్కి తిరగాలి అన్నది వాళ్లకు ఎవరూ పుస్తకంలో చెప్పలేదు.

ఆ ఎరుక మన మాటల్లో కూడా ఉంది. బురద, అడుసు, రొంపి, ఊబి అని మనకు వేర్వేరు మాటలున్నాయి. అన్నిటినీ 'మడ్' అనేస్తున్న పిల్లలకు ఆ తేడాలు అందడం లేదు. రొంపి అంటే కాలు దిగబడేది, ఊబి అంటే వదలనిది అని తెలిసిన పిల్లవాడు అడుగు వేసేముందు ఒక్క క్షణం ఆగుతాడు. పడవ పని వదిలి పట్నం పోతున్న ప్రతి కుటుంబంతోపాటు ఈ తెలివిడి కొంచెం కొంచెంగా జారిపోతోంది.

కాబట్టి అడగాల్సిన కోరికలు స్పష్టంగా ఉన్నాయి. బురద నడకలు, మడ అడవుల సందర్శనలు పెట్టే ప్రభుత్వాలు స్థానిక మత్స్యకారులకే గైడు లైసెన్సు, న్యాయమైన వేతనం ఇవ్వాలి. ఏడాదికి 15 పౌండ్ల గౌరవ పదవి మన కుటుంబాలకు కూడు పెట్టదు. రేవుల దగ్గర పోటు వేళలు, ఊబి హెచ్చరికలు రాష్ట్ర భాషతోపాటు తెలుగులోనూ రాయాలి. మన సంఘాలు సంక్రాంతి ముగ్గుల పోటీలు పెట్టినట్టే, పెద్ద మత్స్యకారులతో పిల్లలకు ఏడాదికొక్క పూట పాఠం పెట్టించవచ్చు.

ఇరుక్కుంటే

గింజుకోవద్దు. సంచి, బరువులు పక్కన పడేయాలి. వెనక్కి వాలి వెల్లకిలా పడుకున్నట్టు బరువు పరచాలి. కాళ్లను చిన్నగా అటూ ఇటూ ఆడిస్తే చుట్టూ నీరు చేరి పట్టు సడలుతుంది. అప్పుడు ఒక్కో కాలూ మెల్లగా తీసి, పాకుతూ వచ్చిన దారినే వెనక్కి రావాలి. సాయం చేసేవాళ్లు పరిగెత్తి లోపలికి దిగకూడదు. చెక్క పలక, తడక, తాటిమట్టలు ఏది దొరికితే అది పరిచి దాని మీద నుంచి చెయ్యి అందించాలి. వెంటనే 112కు, సముద్రతీరమైతే కోస్ట్ గార్డ్ 1554కు ఫోన్ చేయాలి. పోటు వేళ దగ్గరపడుతుంటే ఆ ఫోనే మొదటి పని.

సెలవుల్లో మీ పిల్లలు బురద చూడటానికి వెళ్తామంటే ఆపకండి. ఆ ఊళ్లో పీతలు పట్టే పెద్దాయన ఎవరో కనుక్కుని, ఆయన చూపిన చోటికే, ఆయన వెంటే వెళ్లమనండి. ఆయన సమయానికి కూలి ఇవ్వడం మాత్రం మరిచిపోవద్దు.