కత్తి దూయని కథానాయకుడు

ఫైటింగు లేని సినిమాకి వస్తారా అని అడిగితే మన కుర్రకారు మొహం చిట్లిస్తారు. సరే, ఒక్క మాట చెప్పండి. 1951లో వచ్చిన 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడి ఆట ఎవరు కట్టించారు? తోటరాముడి కత్తి అంటారా? కాదండీ బాబూ! మాయమాటలు చెప్పి మాంత్రికుడి చేత గడ్డం గీయించేసిన అంజి! గడ్డంతోపాటే మహిమా పోయింది. ఇక 1957 నాటి 'మాయాబజార్'లో శశిరేఖ వేషంలో ఘటోత్కచుడు మగపెళ్ళివారిని ముప్పుతిప్పలు పెట్టిన ఘట్టంలో గద ఎక్కడైనా కనిపించిందా? అన్నట్టు ఆ చిత్రానికి మొదట కొన్ని బాణీలు కట్టిన రాజేశ్వరరావుగారి ఇంటిపేరులో ఉన్నది మన సాలూరే!

ఈ ఉపోద్ఘాతం ఎందుకంటే, ఈ వారం ముచ్చట ఓ ఆట గురించి. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట తయారుచేశారు. 'స్ట్రేంజర్ థింగ్స్'లో పిల్లలు బల్ల చుట్టూ కూచుని ఆడేది అదే. ఒకడు సూత్రధారి, కథ చెబుతాడు. తక్కినవాళ్ళు తలో పాత్ర. ఒకడు వీరుడు, ఒకడు దొంగ, ఒకమ్మాయి గాయని. చేసే పని ఫలిస్తుందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది.

చిక్కల్లా ఎక్కడంటే, యుద్ధం వస్తే అందరికీ వంతు వస్తుంది, గంటసేపు రక్తి కడుతుంది. అదే బుద్ధితో నెగ్గాల్సిన ఘట్టం వస్తే ఒక్క పాచిక, ఒక్క నిమిషం, అయిపోయింది! గాయని వేషం వేసిన అమ్మాయి సాయంత్రమంతా వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ కూచోవాలి. పాపం, ఆ అమ్మాయి మర్నాడు మళ్ళీ వస్తుందా?

2008లో వచ్చిన నాలుగో కూర్పు దీనికో ఉపాయం చెప్పింది. కష్టాన్నిబట్టి 4 గెలుపులో, 6 గెలుపులో, 12 దాకానో పెట్టుకోవాలి. అవి పూర్తయ్యేలోపు 3 సార్లు తప్పితే పని చెడినట్టు. మొదట వేరే లెక్క ఉండేది, ఆ ఏడే 3 తప్పులకి మార్చారు.

మన సాలూరు వాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. లారీల ఊరు కదా! రాత్రిపూట సుంకి ఘాటీ ఎక్కే లారీని చూడండి. డ్రైవరు గేరు చూసుకోవాలి, క్లీనరు దిగి చక్రం వెనక అడ్డు పెట్టాలి, మంచులో మలుపు కనిపెట్టాలి. ఎవడూ ఎవణ్ణీ కొట్టడు. అయినా గుండె గొంతులోకి వస్తుంది!

దాన్నే ఆటలోకి తెద్దాం. కొండమీద పల్లెలో జ్వరాలు. తెల్లారేలోగా మందు బండి చేరాలి. 6 గెలుపులు కావాలి. వీరుడు దారికడ్డంపడ్డ బండ తోశాడు, గెలుపు. దొంగ అడ్డదారి వెతికాడు, తప్పాడు. తప్పితే ఏమవ్వాలి? "దారి దొరకలేదు" అని ఊరుకుంటే కథ చచ్చిపోతుంది. "దారి దొరికింది, కానీ ఎద్దు కాలు బెణికింది" అనాలి. అప్పుడు సుంకం వసూలు చేసేవాడు కర్ర అడ్డంపెట్టాడు. సూత్రధారి అమ్మాయివైపు తిరిగాడు.

"నువ్వేటి చేస్తావమ్మా?"

"ఆడికీ పిల్లలుంటారు కదా. జ్వరంతో ఉన్న పిల్లకి పాడే జోలపాట పాడతాను."

వేరుశెనక్కాయలు ఆగిపోయాయి. బల్ల చుట్టూ ఉన్న అందరి కళ్ళూ ఆ అమ్మాయి చేతిలో పాచికమీదే! ఇంతకన్నా క్లైమాక్సు ఏం కావాలండీ?

సూత్రధారులకి ఓ హెచ్చరిక. 8 గాని, ఆపైన గాని పడితే గెలుపు అని పెట్టారనుకోండి. ఒక్కో వేతకి నూటికి 65 పాళ్ళు అవకాశం, బాగానే ఉందనిపిస్తుంది. కానీ 3 తప్పులు పడేలోపు 6 గెలుపులు రావడానికి నూటికి 43 పాళ్ళే! సగం కూడా లేదు. 5 నుంచి గెలుపని పెడితే మొత్తంమీద అవకాశం 80కి వస్తుంది. ఆట చెడాక పాచికని తిట్టేకన్నా ముందే లెక్క చూసుకోవడం మేలు.

ఇంకో రెండు మాటలు. ఆటగాడు ముందు ఏం చేస్తాడో చెప్పాలి, పాచిక తర్వాత. "నా నేర్పు ఇంత, వేసేస్తున్నా" అంటే ఒప్పుకోవద్దు. అలాగే, 3 తప్పులూ పడితే కథకి శుభం కార్డు వేసెయ్యకండి. బండి తెల్లారాక చేరుతుంది. పల్లె తలుపులు తెరుచుకోవు. వాళ్ళ నమ్మకం మళ్ళీ సంపాదించుకోవాలి. అదే రెండో భాగం!

కత్తి పట్టే హీరో చుట్టూ వందమంది చేరతారు. చక్రానికి అడ్డుపెట్టే క్లీనరు వంతు కూడా రానిచ్చేవాడే అసలైన సూత్రధారి. ఈ ఆదివారం మీ బల్ల దగ్గర ఎవరు వేరుశెనక్కాయలు ఒలుస్తున్నారో ఓసారి చూడండి. పాచిక వాళ్ళ చేతికివ్వండి!