సమానులను సమానులుగా ఉండనీయుడు

2008వ సంవత్సరము మే 21వ తేదీ రాత్రి మాస్కో నగరమందలి లుజ్నికి స్టేడియమున మాంచెస్టర్ యునైటెడ్, చెల్సీ జట్ల నడుమ జరిగిన చాంపియన్స్ లీగు ఫైనలును రికార్డు పుస్తకములు యునైటెడ్ విజయముగా నమోదు చేసికొన్నవి. కప్పు వారికి దక్కిన మాట నిజమే. కాని నూట ఇరువది నిమిషములు పోరాడి, తుదకు ధారాపాతముగా కురియు వానలో చెరియొక గోలుతో నిలిచిన ఆ రెండు జట్లలో ఏ జట్టును రెండవదానిని గెలువలేదనియు, పిమ్మట పెనాల్టీ తన్నులతో తేల్చినది ఆ ఆట ఫలితము కాదనియు నేను నాటి నుండి నేటి వరకు నమ్ముచున్నాను.

ఆ ఆట నడచిన తీరును కొంచెము విపులముగా జ్ఞప్తికి తెచ్చుకొందము. ఇరువదియారవ నిమిషమున వెస్ బ్రౌన్ అందించిన బంతిని యునైటెడ్ ఆటగాడు క్రిస్టియానో రొనాల్డో తలతో గోలులోనికి పంపెను. విరామమునకు ముందు చెల్సీ ఆటగాడు ఎస్సియన్ దూరము నుండి తన్నిన బంతి రక్షకుల దేహములకు తగిలి, దారి మళ్లి వచ్చి సహచరుడు లాంపార్డు ముందు పడగా, దానిని ఆపబోయిన యునైటెడ్ గోల్‌కీపరు వాన్ డెర్ సార్ కాలు జారెను; లాంపార్డు గోలు చేసి లెక్క సరిచేసెను. ద్వితీయార్ధమున ద్రోగ్బా తన్నిన బంతి గోలుస్తంభమునకును, అదనపు సమయమున లాంపార్డు తన్నినది పైనున్న అడ్డకమ్మికిని తగిలి వెనుకకు వచ్చినవి. అటు యునైటెడ్ పక్షమున గిగ్స్ తన్నిన బంతి ఇక గోలులో పడినట్లే యని అందరును అనుకొన్న క్షణమున చెల్సీ నాయకుడు జాన్ టెర్రీ తలయొడ్డి దానిని వెలుపలికి మరల్చెను. ఆట ముగియుటకు నాలుగు నిమిషముల ముందు ద్రోగ్బా రెడ్ కార్డు పొంది నిష్క్రమించినను పదిమందితో మిగిలిన చెల్సీ చలింపలేదు. ఇంత జరిగినను ఒకటి ఒకటిగానే ముగిసిన ఆ పోరును చూచినవారెవ్వరును వీరు ఎక్కువ, వారు తక్కువ యని చెప్పజాలరు.

వాన పడిన మైదానమున ఫుట్‌బాలు వేరొక ఆట యగును. పచ్చికపై పలుచగా నీరు పారినంతసేపు బంతి చేతికి చిక్కని చేపవలె జారిపోవుచుండును. నీరు నిలిచిన చోట అదే బంతి హఠాత్తుగా ఆగిపోయి, దానికొరకై ముందే పరుగుదీసినవానిని నవ్వులపాలు చేయును. గోల్‌కీపరు బంతిని పట్టుటకు వెరచి పిడికిలితో గుద్ది పంపును. మలుపు తిరుగబోయినవాడు చతికిలబడును. బురదలో నుండి అడుగడుగు పెరికి తీయవలసి వచ్చుటచే గంట గడచునప్పటికి పిక్కలు పట్టుకొనును. వెనుకటి తోలుబంతుల కాలమున ఈ కష్టము ఇంకను హెచ్చు. నీరు పీల్చి బరువెక్కిన బంతిని నుదుటితో కొట్టుటకు గుండెధైర్యము కావలసియుండెను. ఐనను వాన ఉభయ పక్షములపైన ఒక్క తీరుననే కురియును గనుక, అందులో సమముగా నిలిచిన రెండు జట్లు నేర్పుననే గాక ఓర్పునను సమానములని ఆ వాన సాక్ష్యము పలుకుచున్నది. లుజ్నికిలో ఆనాడు మామూలుగా వాడుచుండిన కృత్రిమ పచ్చికను ఆ ఒక్క ఆట కొరకు తొలగించి, సహజమైన పచ్చికను తెచ్చి పరచిరి. ఆ కొత్త పచ్చిక పైననే, నడిరేయి దాటిన పిమ్మట, వానలో, పెనాల్టీ తన్నులు మొదలైనవి.

రొనాల్డో తన్నును చెల్సీ గోల్‌కీపరు పీటర్ చెక్ ఆపివేయుటచే చెల్సీకి అవకాశము చిక్కెను. ఐదవ తన్ను టెర్రీది. అది గోలైనచో కప్పు వారిదే. వాన్ డెర్ సార్ ఒకవైపునకు దూకెను. బంతి రెండవవైపునకు పోయెను. కాని తన్నబోవు క్షణమున టెర్రీ ఆని నిలిచిన కాలు తడినేలపై జారుటచే ఆ బంతి స్తంభము వెలుపలి అంచును తాకి బయటకు పోయెను. తరువాత చెల్సీ ఆటగాడు అనెల్కా తన్నును వాన్ డెర్ సార్ ఆపగా ఆరు ఐదుగా యునైటెడ్ నెగ్గినదని ప్రకటించిరి. అంతకుముందు తన తలయొడ్డి జట్టును నిలబెట్టిన మనుష్యుడే మైదానమున కూలబడి కన్నీరు కార్చెను.

ఇచ్చట పాఠకులు గమనింపవలసిన భేద మొకటి గలదు. ఆ రాత్రి వాన్ డెర్ సార్ కూడ జారెను. అందువలన గోలు కూడ పోయెను. కాని ఆ తప్పును దిద్దుకొనుటకు ఆయనకు డెబ్బదియైదు నిమిషముల ఆటయు, పదిమంది సహచరులును మిగిలియుండిరి. నడచుచున్న ఆటలో ఒకని జారుపాటును వేరొకడు కప్పుకొనును. ఒక పక్షపు దురదృష్టమునకు మరికొంతసేపటికి ఎదుటి పక్షపు దురదృష్టము సరిపోవును. పదకొండు మీటర్ల దూరమున బంతిని ఉంచి ఒంటరిగా తన్ను మానవునకు ఆ దిద్దుబాటు లేదు. ఇరువది ఇద్దరి శ్రమ నంతటిని ఒక్క పాదము క్రింది తడిపచ్చికకు అప్పగించుట న్యాయమని నాకు తోచదు.

పెనాల్టీ తన్నులకు ముందున్న పద్ధతి ఇంతకంటె ఘోరమైనదని ఒప్పుకొనవలసినదే. 1968 జూన్ 5న నేపుల్స్ నగరమున ఇటలీ, సోవియట్ యూనియన్ జట్లు యూరోపు చాంపియన్‌షిప్పు సెమీఫైనలు నాడినప్పుడు అచ్చటను వానయే. ఆరంభముననే ఇటలీ మేటి ఆటగాడు జియాని రివెరా గాయపడెను. బదులు ఆటగానిని దింపు నియమము ఆనాటికి లేదు. అదనపు సమయము కూడ గడచినను గోలు పడలేదు. అంతట జర్మను రిఫరీ ఇరుజట్ల నాయకులైన ఫక్కెట్టి, షెస్తెర్న్యోవులను లోపలి గదికి తోడ్కొనిపోయి నాణెము నెగురవేసెను. ఫక్కెట్టి బొరుసు కోరెను, బొరుసే పడెను, పైన వేచియున్న ప్రేక్షకసముద్రమునకు ఆయన చేతులెత్తి పరుగెత్తుకొని వచ్చిన పిమ్మటగాని సంగతి తెలియలేదు. సోవియట్ ఆటగాండ్లు నాణెము చేత ఓడి ఇంటికి పోయిరి. దానికి మూడేండ్ల ముందు రాటర్‌డామ్‌లో లివర్‌పూల్, కొలోన్ జట్ల మూడవ ఆట కూడ సమముగా ముగియగా రిఫరీ ఎగురవేసిన బిళ్ల బురదలో నిట్టనిలువున దిగబడెను. మరల వేయవలసి వచ్చెను. ఇట్టి అనర్థములు చూచియే, 1968 ఒలింపిక్స్‌లో చీటీతో ఓడిన ఇజ్రాయెల్ దేశస్థుల ప్రేరణమున, 1970లో పెనాల్టీ తన్నుల పద్ధతిని చట్టములో చేర్చిరి.

బొమ్మా బొరుసుల కంటె ఇది మేలే. ఐనను ఆ తన్నులు ఆట ముగిసిన పిమ్మట జరుగునవని చట్టమే చెప్పుచున్నది. అట్టి ఆటలను గణాంకములలో సమముగానే లెక్కింతురు. సెమీఫైనలులో ఎవరో ఒకరు ముందుకు పోక తప్పదు గనుక, మరల ఆడుటకు వ్యవధి లేనిచోట ఆ తన్నులు ఉండవచ్చును. ఫైనలుకు పైన వేరొక మెట్టు లేదు గదా, అచ్చట ఎవరిని ఎచ్చటికి పంపుటకు ఈ తొందర?

హైదరాబాదువారు నాకు ఎదురుచెప్పుదురని ఎరుగుదును. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఇండియన్ సూపర్ లీగు (ఐ.ఎస్.ఎల్.) ఫైనలులో ఎనుబదియెనిమిదవ నిమిషమున సాహిల్ తవోరా గోలుతో మన జట్టు కేరళతో సమమై, పిమ్మట మన గోల్‌కీపరు కట్టిమణి మూడు తన్నుల నాపగా కప్పు గెలుచుకొన్నది. ఆ రాత్రి నా సంతోషమునకు మేర లేకుండెను. కాని ఆ కప్పు కేరళవారితో పంచుకొని యుండినచో మన ఘనతకు వచ్చు లోటేమి? తవోరా గోలు గోలుగానే నిలిచియుండును. ఏండ్ల తరబడి వేచియున్న కేరళ అభిమానులు ఉత్తచేతులతో పోయి యుండరు.

పెనాల్టీ తన్నులు లేకుండ ఫైనలును ముగించుట నేను క్రొత్తగా కల్పించిన మాట కాదు. 1950లో సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు డ్యూరాండ్ కప్పు ఫైనలులో మోహన్ బగాన్‌తో తొలుత సమముగా నిలిచి, మరల ఆడి గెలిచెను. 1960లోను, 1982లోను అదే కప్పును మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్లు పంచుకొన్నవి. 1978లో ఫెడరేషన్ కప్పును సైతము పంచుకొన్నవి. ఆగర్భశత్రువులని పేరు పడిన ఆ రెండు జట్లకు పంచుకొనుటలో రాని అవమానము నేడు తక్కినవారికి ఎట్లు వచ్చును? కాలవ్యవధి లేదనియు, ఆటగాండ్లు అలసిపోవుదురనియు చెప్పి ఇంగ్లండులో సైతము 2024–25 నుండి ఎఫ్.ఏ. కప్పు ప్రధాన దశలలో మరల ఆడు పద్ధతిని ఎత్తివేసిరి. ఆ వాదములో కొంత సత్యము లేకపోలేదు. పంచుకొనుటకు మాత్రము కాలము గాని, బలము గాని అక్కరలేదు.

డ్యూరాండ్ కప్పు ఇటీవల ఏటేట వానకాలముననే, అందును అధికభాగము కోల్‌కతాలో జరుగుచున్నది. 2024 ఆగస్టు 31న ఫైనలు రెండు రెండుగా ముగియగా నార్త్‌ఈస్ట్ యునైటెడ్ పెనాల్టీలతో మోహన్ బగాన్‌పై నెగ్గినది. రెండు గోలుల వెనుకబాటు నుండి కోలుకొన్న వారి సాహసము కొనియాడదగినది. దానికి ఆ తన్నుల ఊతము అక్కరలేకయుండెను. నిర్వాహకులు ఇకముందైనను ఆట కాలము ముగిసినప్పటికి సమమైన ఫైనలును అచ్చటనే నిలిపి, ఇరువురిని విజేతలుగా ప్రకటింపవలెను. గెలిచినవారి కిచ్చునవి మూడు: డ్యూరాండ్ కప్పు, సిమ్లా ట్రోఫీ, రాష్ట్రపతి కప్పు. మొదటి రెండును ఏటేట చేతులు మారునవే గనుక ఆరు నెలలకొకసారి ఇచ్చిపుచ్చుకొనవచ్చును. శాశ్వతముగా ఇచ్చివేయు రాష్ట్రపతి కప్పును అట్టి యేడు రెండు చేయించిన సరిపోవును.