నగరవాసుల రాకపోకలు – పాదచారి కష్టములు

గత సంవత్సరము నా తరగతిలోని బాలుడొకడు తరచుగా ఆలస్యముగా వచ్చుచుండెను. నేనతనిని పలుమారులు మందలించితిని. ఒకనాడు తరగతి వెలుపల నిలువబెట్టితిని కూడ. పిదప విచారింపగా తెలిసిన సంగతి యిది. ఆ బాలుని తల్లి ఒక కార్యాలయమున ఊడ్చి తుడుచు పని చేయును. ఆమె తెల్లవారకమునుపే మొదటి బస్సునకు పోవలెను. కావున చిన్నచెల్లెలిని ఆమె బడికి చేర్చు భారము ఈ బాలునిపై పడినది. వారి యింటికిని ఆ బడికిని నడుమ పెద్ద రహదారి యొకటి కలదు. వాహనముల వరుస తెగువరకు అన్నాచెల్లెండ్రిద్దరును ఒక ప్రక్కన నిలిచియుందురు. ఒక్కొక్కనాడు అందుకే పావుగంట పట్టును. ఆలస్యమునకు కారణము రహదారి. శిక్ష పొందినవాడు బాలుడు. నాటినుండి మన నగరమున జనులు పనికి పోయి వచ్చు విధమును గూర్చి నేను మిక్కిలి ఆలోచించుచున్నాను.

హైదరాబాదు సికిందరాబాదు జంటనగరములలో ప్రజలందరును కలిసి ప్రయాణించు సాధనములు క్రొత్తవి కావు. 1932వ సంవత్సరమున నైజాం రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను నెలకొల్పిరి. 2003 ఆగస్టు నెలలో ఎం.ఎం.టి.ఎస్. అను స్థానిక రైళ్లు నడువసాగెను. 2017 నవంబరులో మియాపూరునుండి నాగోలు వరకు మెట్రో రైలు ప్రారంభమై, 2020 నాటికి మూడు మార్గములలో సుమారు 69 కిలోమీటర్లు విస్తరించెను. 2023 డిసెంబరు 9వ తేదీనుండి తెలంగాణమున స్త్రీలకు సామాన్యపు బస్సులలో రుసుము లేక ప్రయాణించు సౌకర్యము కలిగెను. పైన జెప్పిన తల్లికి దీనివలన నెలనెలకు కొంత సొమ్ము మిగులుచున్నది. ఇవి యన్నియు మెచ్చదగిన పనులే.

అయినను బస్సుగాని రైలుగాని ఎక్కవలెనన్న మొదట నడువవలెను. దిగిన పిమ్మట పనిచోటికి మరల నడువవలెను. ఆ నడకకు దారి యేది? కాలిబాట యొకచోట దుకాణపు సామగ్రితోను, వేరొకచోట ట్రాన్సుఫార్మరుతోను, మరియొకచోట నిలిపిన మోటారు సైకిళ్లతోను నిండియుండును. కొన్ని వీధులలో అసలు కాలిబాటయే లేదు. వృద్ధులును, గర్భిణులును, చూపులేనివారును వాహనముల నడుమనే పోవలసివచ్చుచున్నది. మెహిదీపట్నమునుండి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పొడవున పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ మార్గము 2009లో తెరువబడెను. విమానాశ్రయమునకు పోవు కార్లకు అది గొప్ప మేలు. దానిపై ద్విచక్రవాహనములకు ప్రవేశము లేదు. దాని స్తంభముల నడుమ రోడ్డు దాటువాడు మాత్రము వచ్చు వాహనములకు చేయి చాపి, వేడుకొనుచున్నట్లుగా దాటవలసియున్నది.

నా యభిప్రాయమేమనగా, నగరమున రాకపోకలకు వెచ్చించు ధనములో మొదటి భాగము పాదచారికి చెందవలెను. రెండవ భాగము బస్సునకును రైలునకును చెందవలెను. తక్కిన వాహనముల వంతు అటుపిమ్మట రావలెను. ఇందుకు లెక్క సులభము. ఒక్కనిని మోసికొనిపోవు కార్లు రెండు మూడు ఆక్రమించు స్థలములో బస్సొకటి ఏబదిమందిని చేర్చగలదు. మూడు పెట్టెల మెట్రో బండి వేయిమందికి దగ్గరగా మోయగలదు. 2006లో భారత ప్రభుత్వము ప్రకటించిన నగర రవాణా విధానమును, వాహనములకంటె మనుష్యుల గమనమే ముఖ్యమని చెప్పుచున్నది. 2025 మే నెలలో సర్వోన్నత న్యాయస్థానము, కాలిబాటపై నడచు హక్కు జీవించు హక్కులో చేరినదని చెప్పినది. విధానమును న్యాయమును పాదచారి పక్షముననే యున్నవి. వీధిలో జరుగవలసిన పనియే మిగిలియున్నది.

మోటారు సైకిలు లేనిదే బ్రతుకు సాగునా యని కొందరడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనది. పనిముట్ల సంచితో ఇంటింటికి తిరుగు విద్యుత్తు పనివానికిని, నడిరాత్రి పని ముగించుకొని వచ్చువానికిని, బస్సు రాని పేటలో నివసించువానికిని వేరు గతి లేదు. వారు వాయిదాలపై బండి కొనుట విలాసము కొరకు గాదు. వారిని నిందించుట నా యుద్దేశము గాదు. అయితే ఇంటినుండి బస్సు స్టాపు వరకు నిర్భయముగా నడచుటకు వీలైనచో, బస్సు వేళకు వచ్చినచో, అనేకులు తమ బండ్లను ఇంటివద్దనే యుంచుదురు. అప్పుడు బండి తప్పనివారికిని రోడ్డు కొంత ఖాళీ యగును.

పురపాలకులు చేయవలసినవి కొన్ని కలవు. బడులయొద్దను బస్సు స్టాపులయొద్దను దాటుచోట్లు ఏర్పరచవలెను. అచ్చటి దీపములు ముసలివారు సైతము దాటునంత కాలము వాహనములను నిలుపవలెను. ఆక్రమింపబడిన కాలిబాటలను విడిపింపవలెను. అచ్చట పొట్ట పోసికొను చిరువర్తకులకు వేరు స్థలము చూపిన పిమ్మటనే ఆ పని చేయవలెను.

మనము చేయవలసినదియు కలదు. ఉదయమున మన పాఠశాల ద్వారమువద్ద నిలిచి చూడుడు. తమ పిల్లలను దింపుటకు వచ్చినవారి కార్లు బస్సు స్టాపున నిలిచియుండును. బస్సు నడివీధిలో ఆగును. ఇతరుల పిల్లలు వాహనముల మధ్య దిగుదురు. తమ బిడ్డ క్షేమము గోరి తెచ్చిన కారే పరుల బిడ్డకు అపాయమగుచున్నది. తల్లిదండ్రులు దయచేసి నూరడుగుల దూరమున కారు నిలిపి, బిడ్డను నడిపించుకొని రావలెను. ఇతరులకు చెప్పుచున్న నేనును ఇటీవలివరకు నా మోటారు సైకిలును కాలిబాటపైననే నిలుపుచుంటినని ఒప్పుకొనుచున్నాను. ఇప్పుడది పాఠశాల ఆవరణలో నుండును.

ఆ బాలుడు ఈ సంవత్సరమును అప్పుడప్పుడు ఆలస్యముగానే వచ్చుచున్నాడు. నేనతనిని మందలించుట మానితిని. ఆ రహదారిపై దాటుచోటొకటి కావలెనని పురపాలకులకు అర్జీ వ్రాసి పాఠశాల కార్యాలయమున ఉంచితిని. ఈ సంచికను తీసికొనిపోవ వచ్చు తల్లిదండ్రులు దానిపై సంతకము చేసి పోవలెనని వేడుకొనుచున్నాను.