చెవి కోసం చేసిన ఆన్‌లైన్ పాఠం

2020లో బడులు మూతపడి పాఠాలు ఫోన్లలోకి వచ్చినప్పుడు ఊరూరా ఒకటే గొడవ, సిగ్నల్. వినపడే పిల్లలకు బొమ్మ ఆగిపోయినా టీచరు గొంతు వస్తే సగం పాఠమైనా దక్కుతుంది. వినికిడి లోపం ఉన్నవాళ్లకు ఆ సగమూ లేదు. తెర ఒక్క క్షణం బిగుసుకుంటే సైగ మధ్యలోనే తెగిపోతుంది. పైగా సంజ్ఞాభాషలో అర్థం వేళ్లతోపాటు కనుబొమల్లో, ముఖకవళికల్లో ఉంటుంది. పదిమంది ముఖాల మధ్య టీచరు గోరంత కనిపిస్తే పిల్లలు ఏం పట్టుకుంటారు? ఆమె బోర్డు వైపు తిరిగిందంటే పెదవుల కదలిక కూడా పోయినట్టే.

కింద అక్షరాలు వేస్తే సరిపోదా అంటారు. గూగుల్ 2019లో తెచ్చిన లైవ్ ట్రాన్స్‌క్రైబ్ లాంటివి భాష వచ్చాక వినికిడి తగ్గినవారికి బాగా అక్కరకొస్తాయి. పుట్టుకతోనే ఏ మాటా చెవిన పడని పిల్లలకు మాత్రం ఆ పరుగెత్తే అక్షరాలు చాలాసార్లు పరాయి భాషే.

తమిళనాడులో తిరుత్తణి దగ్గరున్న ఆర్.కె.పేట వైపు దీనికి ఇంకో ముడి పడింది. తిరుత్తణి ప్రాంతం 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి (నేటి తమిళనాడు) వెళ్లింది. అక్కడి తెలుగు కుటుంబాల్లో ఇంట ఒక భాష, బయట మరొకటి, పై చదువులకు ఇంగ్లీషు. వినపడే పిల్లలు వాటిని వీధిలో ఆడుకుంటూనే పట్టేస్తారు. బధిర బాలికకు అమ్మ పెదవులు ఒకలా కదులుతాయి, తమిళ టీచరు పెదవులు మరోలా. భారతీయ సంజ్ఞాభాషకు ఆ సరిహద్దుతో పెద్దగా పని లేదు. కొన్ని సైగలు ప్రాంతాన్ని బట్టి మారతాయి, నిజమే. అయినా ఇక్కడ నేర్చింది పొరుగునున్న ఆంధ్రలోని నగరిలోనూ చెల్లుతుంది.

సంజ్ఞాభాషలో పాఠాల సరుకు బొత్తిగా లేదనలేం. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2018లో 3,000 పదాలతో మొదలుపెట్టిన నిఘంటువు 2021కి 10,000 పదాలకు చేరింది. పాఠ్యపుస్తకాలను సైగల్లోకి తేవడానికి 2020 అక్టోబరులో ఎన్‌సీఈఆర్‌టీతో ఒప్పందమైంది. 2024 డిసెంబరు 6న పీఎం ఈ-విద్య ఛానల్ 31 కూడా సంజ్ఞాభాష కోసమే మొదలైంది. అయితే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం వేరు, రాష్ట్ర బోర్డు పిల్లల సంచిలోని పుస్తకం వేరు.

సంజ్ఞాభాష వచ్చిన ఉపాధ్యాయులను నియమించాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. తిరుపతిలో తితిదే నడిపే బధిర పాఠశాల, చెన్నైలో లిటిల్ ఫ్లవర్ కాన్వెంట్ బడి ఉన్నాయి. అక్కడి టీచర్లనూ చదువుకున్న బధిరులనూ కూర్చోబెట్టి ఆంధ్ర, తమిళనాడు ప్రభుత్వాలు రెండూ కలిసి వీడియోలు చేయిస్తే ఖర్చు కూడా పంచుకోవచ్చు. సైగలు చేసే మనిషిని మూలన తపాలా బిళ్లంత చేయకూడదు. పటం చూపేటప్పుడు సైగ ఆగాలి, ఎందుకంటే పిల్లల చూపు ఒకేసారి రెండుచోట్ల నిలవదు. సిగ్నల్ ఉన్నచోట దించుకుని తర్వాత చూసుకునే వీలుండాలి. వారానికోసారైనా సైగలు తెలిసిన టీచరు ఎదురుగా కూర్చుని అనుమానాలు తీర్చాలి.

తల్లిదండ్రులకు సైగలు నేర్పే పాఠాలూ ఆ వీడియోల్లోనే, తెలుగు, తమిళ వ్యాఖ్యానాలతో ఉండాలి. వినపడుతుంది కనుక ఫోన్‌లో నేర్చుకోవడం అసలు వాళ్లకే తేలిక.