కొనితెచ్చిన సాక్ష్యము



మా పొరుగింటి వదినెగారు అడ్డాకు విస్తళ్ళ వర్తకము చేయుదురు. భద్రాచలపు మన్యమున కోయ స్త్రీలు కోసి తెచ్చిన ఆకును కొని, మా వీధిలోని పదిమంది స్త్రీలచే కుట్టించి, పెండ్లిండ్లకును వ్రతములకును పంపుచుందురు. రెండేండ్ల క్రిందట ఆమె తమ్ముడు ఈ వర్తకమునకొక వెబ్‌సైటు కట్టియిచ్చెను. బొమ్మలు బాగున్నవి, ధరలు స్పష్టముగానున్నవి. కాని గూగులులో అడ్డాకు విస్తళ్ళని వెదకినవారికి అది నాలుగవ పుటయందుగాని కానరాదు. నాలుగవ పుటదాక పోవు ఓపిక ఎవరికున్నది?

గడచిన మాఘమాసమున ఎవరో ఫోనుచేసి, నాలుగువేల రూపాయలిచ్చినచో అయిదువేల బ్యాక్‌లింకులు తెచ్చిపెట్టెదననియు, అంగడి మొదటి పుటకెక్కుననియు చెప్పెనట. వదినెగారు బయానా సొమ్ములోనుండి తీసి యిచ్చివేసిరి. శ్రీరామనవమి రద్దీ ముగిసినది. అంగడి మాత్రము నాలుగవ పుటనుండి కదలలేదు. ఒక సాయంకాలము ల్యాప్‌టాపును కొంగుచాటున పెట్టుకొని మా యింటికి వచ్చి, "మీ నాయనగారి యొద్ద అన్ని గ్రంథములు చదివితివి గదా, ఆ అయిదువేలు ఎక్కడున్నవో చూచి చెప్పు" అనిరి.

నేను చదివినది భారతమును కొన్ని ప్రబంధములును. అయినను ఈ విషయము నాకంత క్రొత్తగా తోచలేదు. బ్యాక్‌లింకనగా మన పుటకు ఇంకొకరి పుటనుండి వచ్చు లంకె. మనము పెట్టుకొనునది కాదు, ఇతరులు మనకిచ్చునది. మన కావ్యముల అవతారికలయందు పూర్వకవిస్తుతి యుండును గదా! నన్నయభట్టును తరువాతివారెందరో స్తుతించిరి. ఆ స్తుతించినవారిలో పెద్దకవులున్నారు. వారిని మరల వారి తరువాతివారు స్తుతించిరి. ఎందరు పొగడిరన్నది కొంత, ఎట్టివారు పొగడిరన్నది మరికొంత.

వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1918లో ప్రకటించిన ప్రబంధరత్నావళి మా పుట్టినింట నుండెడిది. అందు పద్యములున్న కావ్యములలో పెక్కింటికి మూలగ్రంథమే దొరకదు. పెదపాటి జగ్గన వంటి సంకలనకర్తలు ఏరి వ్రాసికొనుటచేతనే ఆ కవుల పేళ్ళు మనకు మిగిలినవి. ఇంకొకరు మనలను ఉదాహరించుటకెంత బలమున్నదో బాల్యముననే నాకు ఆ పుస్తకము తెలిపినది.

శాస్త్రజ్ఞుల లోకమునను ఇదియే మర్యాద. ఏ వ్యాసమును ఏయే వ్యాసములు ఉదాహరించినవో చూపు సూచికను యూజీన్ గార్‌ఫీల్డు అను అమెరికా దేశస్థుడు 1964లో ప్రకటించెను. లారీ పేజి, సెర్గీ బ్రిన్ అను స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు విద్యార్థులిద్దరు ఈ యెత్తునే వెబ్‌పుటలకు వర్తింపజేసి, 1996లో తాము కట్టిన వెదకుడు యంత్రమునకు బ్యాక్‌రబ్ అని పేరిడిరి. వెనుకనుండి వచ్చు లంకెలను చూచునది గనుక ఆ పేరు. 1998లో గూగులు సంస్థగా నిలిచినది దానినుండి పుట్టినదే. నేడు గూగులు ఇంకను ఎన్నో గుణములను చూచును గాని, లంకెను చూచుట మానలేదు.

సాక్ష్యమునకు విలువ గలిగినచోట కూలిసాక్షులు పుట్టక మానుదురా? ఎవరెవరి పుటల క్రిందనో వ్యాఖ్యలవలె లంకెలను తమంతట తామే నాటిపోవు సాఫ్టువేరులు వచ్చినవి. ఇందుకొరకే వందలాది బూటకపు సైట్లు కట్టినవారున్నారు. 2005లో గూగులు మొదలగు సంస్థలు 'నోఫాలో' అను గురుతును ఏర్పరచినవి. అది యున్న లంకెను 2019 వరకు గూగులు సాక్ష్యముగా లెక్కింపలేదు. 2011లో అమెరికాలోని జేసీపెన్నీ యను పెద్ద అంగడికి వేలకొలది అసందర్భపు లంకెలున్నవని న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయటపెట్టగా, గూగులు దానిని మొదటి వరుసలనుండి దించివేసెను. 2012 ఏప్రిలునందు పెంగ్విన్ అను మార్పుతో ఇట్టివారిని యంత్రమే పట్టి దించసాగెను. 2016 తరువాత శిక్షించుటకంటె అట్టి లంకెలను ఊరక విడిచిపెట్టుటయే దాని పద్ధతియైనది. వదినెగారి నాలుగువేలు ఆ విడిచిపెట్టిన కుప్పలోనికే పోయినవి.

లంకెలను పరీక్షించు పనిముట్లు మాత్రము మంచివి. ఏహెచ్‌రెఫ్స్, మాజెస్టిక్, మాజ్ అనునవి తమ సొంత యంత్రములచే వెబ్ నంతటిని తిరిగి చూచి, ఎవరికెవరు లంకె యిచ్చిరో పట్టికలు కట్టును. మాజెస్టిక్ రెండంకెలు చూపును. ఒకటి లంకెల బలము, రెండవది వాని నమ్మిక. మొదటిది పెద్దదై రెండవది మరీ చిన్నదైనచో అనుమానింపవలయును. మాజ్ నూటికిన్ని యని విలువ కట్టును. ఇవన్నియు ఆయా సంస్థల అంచనాలే. గూగులు మనసులోని మాటలు కావు. ఫోనుచేయు వర్తకులు ఈ భేదము చెప్పరు. అంగడి మనదేయైనచో గూగులువారి సెర్చ్ కన్సోలు చాలును, అది ఉచితము.

ఆ రాత్రి మేము తెరచినది దానినే. లంకెల పట్టికలో సంఖ్య నాలుగువేలు దాటియున్నది. వదినెగారి ముఖము వికసించినది. ఆ లంకెలు ఎన్ని సైట్లనుండి వచ్చినవని చూడగా పదునెనిమిది! ఒక్కొక్కడు నిలుచున్నచోటనే నిలుచుండి వందలమారులు సాక్ష్యము చెప్పినాడన్నమాట. ఏ మాటపై లంకె వేసిరో చూపు పట్టిక ఇంకను వింతగా నున్నది. అందు విస్తరి లేదు, ఆకు లేదు. అంతయు జూదపు మాటలే. "ఈ జూదరులు మన విస్తళ్ళలో ఎప్పుడు భోంచేసిరే?" అని వదినెగారు నవ్విరి గాని, కన్నులలో నీరు తిరిగినది. ఆ సొమ్ము కుట్టుపనివారి ఒక వారపు కూలి.

ఆ పట్టిక యడుగున ఇంకొక సైటున్నది. ఖమ్మములో పెండ్లివంటలు చేయించు ఒకామె తన పుటలో వడ్డనను గూర్చి వ్రాయుచు, ఈ విస్తళ్ళలో పులుసు కారలేదనియు, పుల్లలు గ్రుచ్చుకొనలేదనియు చెప్పి లంకె యిచ్చినది. ఎవరును అడుగలేదు, ఒక్క పైసయు ఇయ్యలేదు. వదినెగారికి ఆమె గురుతువచ్చినది. తండ్రి సంవత్సరీకమునకు మూడువందల విస్తళ్ళు తీసికొన్నదట.

చెడు లంకెలను మాకు చెందనివిగా ఎంచుమని గూగులునకు తెలుపు సాధనము 2012 నుండియు కలదు. శిక్ష పడినవారును, పడునని నిజముగా భయమున్నవారును తప్ప తక్కినవారికి దానితో పనిలేదని ఆ సంస్థవారే చెప్పుచున్నారు. శిక్షలు చూపు పుట తెరచితిమి, ఖాళీగా నున్నది. తలుపు మూసి ఊరకుంటిమి.

"అయినచో వంటలవారికందరికి నూరేసి విస్తళ్ళు ఊరక పంపి, లంకె యిమ్మని అడిగెదను" అనిరి వదినెగారు. అదియు కొనుటయే యంటిని. అట్టి లంకెకు సొమ్ముకొరకిచ్చినదను గురుతుండవలయునని 2019 నుండి గూగులు వేరొక గురుతునే పెట్టినది. వదినెగారికి నామీద కోపము వచ్చినది, పూటంతయు మాటలాడలేదు.

తెలుగు వికీపీడియాలో తమ అంగడి పేరు చొప్పింతుమని అనుకొనువారున్నారు. అక్కడి బయటి లంకెలకు నోఫాలో గురుతుండును. పని తప్పు, ఫలమును అనుమానమే. కాని లంకెలను వెనుకనుండి చూచు పనిముట్టునకు నేను చూచిన సద్వినియోగము అక్కడనే యున్నది. ప్రతి పుట ప్రక్కను "ఇక్కడికి లింకున్న పేజీలు" అని యుండును. 2014లో కూనవరము, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మొదలగు మండలములును, మా బూర్గంపాడు మండలపు కొన్ని గ్రామములును ఖమ్మము జిల్లానుండి ఆంధ్రప్రదేశమునకు పోయినవి. 2016లో భద్రాచలమే భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనికి వచ్చినది. ఊరి పేరు ఎన్ని పుటలలో పాత జిల్లాతో ముడిపడియున్నదో వెదకి దిద్దవలెనన్న ఆ మీటయే దారి. ఎవరును లంకె యియ్యని పుటలకు అక్కడ అనాథ పేజీలని వేరొక పట్టికయు కలదు.

మూడవనాటికి వదినెగారి కోపము చల్లారినది. అడ్డాకు ఎట్లు ఏరుదురో, ఎన్నాళ్ళు ఆరబెట్టుదురో, ఏ ఆకు కుట్టునకు చిరుగునో, చిరుగనిదానిని చేతితో తడిమి ఎట్లు పోల్చుకొందురో ఆమె సైటులో ఒక్క వాక్యమైన లేదు. ఉన్నవి ధరలు మాత్రమే. ధరలపట్టికను ఎవరు ఉదాహరింతురు? ఇప్పుడు మధ్యాహ్నములందు కుట్టు సాగుచుండగా ఆ పదిమంది చెప్పుచున్నారు, నేను వ్రాయుచున్నాను. నిన్నటికి ఆరబెట్టుట ముగిసినది. ఖమ్మములోని యామెకు వదినెగారు ఫోనుచేసి కృతజ్ఞత చెప్పిరి. లంకె మాట ఎత్తలేదు.