గుమ్మిలోని విత్తనము

పూర్వపు కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలలో అక్కడక్కడ రైతు ఇంటి మూలను ఇంకను నిలిచియున్న పచ్చజొన్నల గుమ్మిని చూచి పట్టణవాసి నవ్వవచ్చును. ఆ గుమ్మిలో దేశముయొక్క మూలధనము దాగియున్నదని మేము మనవి చేయుచున్నాము.

ఉల్లికోడు మన వరికి పాతశత్రువు. అది సోకిన పిలక వెన్ను వేయక ఉల్లికాడవలె గొట్టమైపోవును. దానిని తట్టుకొను వంగడమును వెదకిన శాస్త్రజ్ఞులకు ఈశ్వరకోర యను నాటువరి దారి చూపినది. ఓరుగల్లు పరిశోధనాక్షేత్రమున దానిని ఎం.టి.యు. 15తో సంకరపరచగా డబ్ల్యు 1263 పుట్టినది. అందలి నిరోధశక్తికి మూలమైన జన్యువును నేడు ప్రపంచము జి.ఎం.1 అని పిలుచుచున్నది. తరతరములుగా ఈశ్వరకోరను విత్తి కాపాడిన రైతుల ఊసు ఆ పేరులో లేదు.

ఒక్క జయముతో పని తీరదు. ఉల్లికోడులో కొత్త తెగలు బయలుదేరుచునే యున్నవి. నేడు ఆగిన పురుగు రేపు ఆగకపోవచ్చును; అప్పుడు మరియొక పాతవిత్తనము కావలెను. అది మిగిలియుండునా? శ్రీరాంసాగరు కాలువనీరు పారినచోట వరి మెట్టపైరులను తరిమినది. ఆదిలాబాదున పత్తి జొన్నను త్రోసివేసినది. ఇందుకు రైతును నిందింపరాదు. అప్పు తీర్చునన్న ఆశ యున్న పంటనే అతడు వేయును.

1976లో ఏర్పడిన జాతీయ వృక్ష జన్యువనరుల సంస్థకు చెందిన రాజేంద్రనగరపు కేంద్రమువారు ఆదిలాబాదు పల్లెలు తిరిగి విత్తనములు సేకరించిరి. పటాన్‌చెరువులోని ఇక్రిశాటు చలిగదులలో జొన్నరకములు వేలకొలది భద్రముగా నున్నవి. సంతోషమే. కాని చలిగదిలోని విత్తనము నిద్రించును. ఎండకును తెగులునకును ఎదురొడ్డి మారుచుండునది పొలములోని విత్తనమే. మనకు రెండును కావలెను.

పాతరకములను కాపాడు రైతునకు జన్యునిధినుండి గుర్తింపును, బహుమానమును పొందు హక్కును 2001 నాటి వంగడముల రక్షణ, రైతుహక్కుల చట్టము 39వ సెక్షనున ఇచ్చినది. హక్కు కాగితముమీద నున్నంతమాత్రమున ఫలమేమి? అర్జీ వ్రాయగలవారు పట్టణములందును, విత్తనము దాచినవారు పల్లెలందును ఉన్నారు. చదువరులారా! ఈ యెడమును పూడ్చుట మన పని. ప్రతి పఠనమందిరమువారును ఒక్కొక్క గ్రామమునకు పోయి, ఏ రకము ఎవరియింట నున్నదో, దాని పేరేమో, గుణమేమో వ్రాసికొని, ఆ రైతుచేత అర్జీ పెట్టింపవలెను. ముసలివారితో పేరు పోవును. పేరుతో విత్తనము పోవును. పోయిన విత్తనమును ఏ ప్రభుత్వమును మరల మొలిపింపజాలదు.