సొంతూరు చూడని సినిమాలు

1987లో చెకొస్లొవేకియాలో ఒక వీడియో పత్రిక పుట్టింది. దానికి అనుమతి లేదు, ఆఫీసు లేదు. నిషిద్ధ రచయితల మాటలు, వీధి నిరసనలు, ప్రభుత్వ టీవీలో ఎన్నటికీ రాని సంగతులు వీహెచ్‌ఎస్ క్యాసెట్లకెక్కి రహస్యంగా చేతులు మారేవి. చూసినవాళ్లు కాపీ తీసి ఇంకొకరికి ఇవ్వాలి. దాని వెనుక నిలబడ్డవాళ్లలో ఓల్గా హావెల్ ఒకరు. ఆమె భర్త, నాటక రచయిత వాత్స్లావ్ హావెల్ అప్పటికే దాదాపు నాలుగేళ్లు జైల్లో గడిపి వచ్చాడు. 1968లో సోవియట్ ట్యాంకులు దిగిన తర్వాత ఆయన నాటకాల మీద స్వదేశంలో నిషేధం పడింది. 1989 డిసెంబరులో ఆ మనిషే దేశాధ్యక్షుడయ్యాడు.

అందుకే, మానవ హక్కుల సినిమాలకు ఒక పెద్ద పండగ చెక్ రాజధాని ప్రాగ్‌లో మొదలవడంలో ఆశ్చర్యమేమీ లేదు. దాని పేరు ‘యెదెన్ స్వ్యెత్’. ఒకే ప్రపంచం అని అర్థం. యుద్ధ ప్రాంతాల నుంచి వార్తలు పంపిన విలేకరులు, 1989 విద్యార్థి ఉద్యమంలో ఎదిగినవాళ్లు కలిసి పెట్టుకున్న సహాయ సంస్థ 1999లో దీన్ని ప్రారంభించింది. హావెల్ అండగా నిలిచాడు. ఇవాళ ఈ కోవలో ప్రపంచంలోని పెద్ద ఉత్సవాల్లో ఇదొకటి. ప్రాగ్‌లో ముగిశాక సినిమాలు పెట్టె సర్దుకుని చిన్న పట్టణాలకు వెళతాయి. 2001 నుంచి పాఠశాలలకూ వెళుతున్నాయి. రాజధానిలో నలుగురు మేధావులు చూసి చప్పట్లు కొడితే సరిపోదని నిర్వాహకులు మొదట్లోనే గ్రహించారు.

ఇలాంటి వేదికలు మరికొన్ని కూడా పుట్టాయి. హ్యూమన్ రైట్స్ వాచ్ 1988లోనే న్యూయార్క్‌లో ఒక ఉత్సవం మొదలుపెట్టింది. 2003లో మొదలైన జెనీవా ఉత్సవం తెలివైన పని చేసింది. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రధాన సమావేశాలు నడిచే మార్చి నెలనే ఎంచుకుంది. ఒక సినిమా, ఒక అంశం, ఒక చర్చ అన్నది దాని పద్ధతి. సభలో తమ ప్రభుత్వం అంతా సవ్యంగా ఉందని చెప్పుకున్న దౌత్యవేత్త, సాయంత్రం అదే ఊళ్లో తన దేశపు బాధితుల గొంతు తెర మీద వినే అవకాశం ఉంది. వినకపోతే అది ఆయన ఎంపిక. గొంతు మాత్రం అక్కడిదాకా చేరింది.

2009 మార్చిలో ప్రాగ్ ఉత్సవం తొలిరోజు జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. చైనాలో ప్రజాస్వామ్యం కోరుతూ వెలువడిన చార్టర్ 08 మీద సంతకాలు చేసినవారికి, వారితో పాటు చైనా రచయిత లియూ సియావొబోకు ఉత్సవ సంస్థ తన హోమో హోమిని పురస్కారం ప్రకటించింది. లియూ అప్పటికే నిర్బంధంలో ఉన్నాడు. హావెల్ చేతుల మీదుగా దాన్ని అందుకున్న ముగ్గురిలో త్సుయి వైపింగ్ ఒకరు. అప్పట్లో ఆమె బీజింగ్ ఫిల్మ్ అకాడమీలో ఆచార్యురాలు, హావెల్ రచనలను చైనా భాషలోకి తెచ్చిన అనువాదకురాలు కూడా. 1977లో హావెల్, ఆయన సహచరులు వెలువరించిన హక్కుల ప్రకటన చార్టర్ 77 ప్రేరణతోనే చార్టర్ 08 వచ్చింది. అంటే ఒక నియంతృత్వంలో మొలిచిన విత్తనం మరో దేశపు నేలలో పడి, ఆ నేల దాన్ని నొక్కేస్తుంటే మళ్లీ పుట్టింటికి వచ్చి నీడ వెతుక్కుంది. మరుసటి ఏడాది లియూకు నోబెల్ వచ్చింది. 2017లో నిర్బంధంలోనే కన్నుమూశాడు.

ఆ నీడ ఎవరికి కావాలో తెలియాలంటే తెర మీది ముఖాల దాకా వెళ్లాలి. తెలుగు నేలన పౌరహక్కుల ఉద్యమం మనకు ‘నిజనిర్ధారణ’ అనే మాటను అలవాటు చేసింది. నిజనిర్ధారణ నివేదికలో బాధితుడి పేరు మార్చి రాయవచ్చు. సినిమాలో ముఖం ఉంటుంది కదా, దాన్ని ఎలా మారుస్తాం? చెచెన్యాలో స్వలింగ సంపర్కుల వేట గురించి డేవిడ్ ఫ్రాన్స్ 2020లో తీసిన ‘వెల్‌కమ్ టు చెచెన్యా’ దీనికి జవాబు వెతికింది. ప్రాణభయంతో పారిపోతున్నవారి ముఖాల మీద, స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఇతరుల ముఖాలను కంప్యూటర్ సాయంతో అతికించారు. కళ్ల తడి, పెదవి వణుకు మాత్రం అసలు మనిషివే. అందులో ఒక యువకుడు న్యాయం కోసం బహిరంగంగా విలేకరుల ముందుకు రావాలని నిర్ణయించుకుంటాడు. అంతవరకూ మారుపేరుతో ఉన్న అతను తన అసలు పేరు చెప్పుకునే చోట ఆ అరువు ముఖం మెల్లగా కరిగిపోతుంది, కింది నుంచి సొంత ముఖం బయటపడుతుంది. ఆ కొద్ది క్షణాలు చూసినవారికి హక్కు అనే మాటకు వేరే నిర్వచనం అక్కర్లేదు.

ఇండొనేసియా 1965–66 హత్యాకాండ మీద జాషువా ఓపెన్‌హైమర్ తీసిన ‘ది యాక్ట్ ఆఫ్ కిల్లింగ్’ (2012) చివర్లో పేర్లు పడేటప్పుడు మరో దృశ్యం. స్థానికంగా పనిచేసిన సాంకేతిక నిపుణుల పేర్లు ఉండాల్సిన చోట ‘అజ్ఞాత’ అన్న ఒక్క మాటే వరసగా పైకి పాకుతుంది. సహదర్శకుల్లో ఒకరు కూడా అజ్ఞాతే. చంపినవాళ్లు కెమెరా ముందు దర్జాగా పేరు చెప్పుకున్నారు. చిత్రీకరించినవాళ్లు పేరు దాచుకోవాల్సి వచ్చింది. ఆ సినిమాను సెన్సార్‌కు పంపితే నిషేధిస్తారని, అప్పుడు చూపడం కూడా నేరమవుతుందని భయపడి దర్శక బృందం దాన్ని పంపనే లేదు. 2012 డిసెంబరు 10న, మానవ హక్కుల దినం నాడు, పదుల ఊళ్లలో ఆహ్వానితులకు చూపించింది. బయటి ఉత్సవాల్లో పేరు తెచ్చుకున్న సినిమా ఎలాగోలా ఇల్లు చేరింది.

మన దగ్గరికి వద్దాం. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం తొమ్మిదో సెక్షన్ కింద, సెన్సార్ సర్టిఫికెట్ లేని సినిమాను ఉత్సవంలో చూపాలంటే కేంద్రం మినహాయింపు ఇవ్వాలి. చాలాసార్లు ఇస్తారు. ఇవ్వనప్పుడే ఆ కాగితం అసలు రంగు తెలుస్తుంది. 2004 నాటి ముంబయి అంతర్జాతీయ ఉత్సవానికి భారతీయ చిత్రాలకు సెన్సార్ సర్టిఫికెట్ తప్పనిసరి అన్నప్పుడు డాక్యుమెంటరీ దర్శకులు ఒక్కటయ్యారు. అక్కడ చోటు దొరకని సినిమాలతో ‘వికల్ప్’ పేర పక్కనే మరో ఉత్సవం నడిపారు. గుజరాత్ మారణకాండ మీద రాకేశ్ శర్మ తీసిన ‘ఫైనల్ సొల్యూషన్’ వాటిలో ఒకటి. 2017 జూన్‌లో తిరువనంతపురం డాక్యుమెంటరీ ఉత్సవంలో మూడు చిత్రాలకు మినహాయింపు దొరకలేదు. వాటిలో ఒకటి రోహిత్ వేముల మరణం, హైదరాబాద్ విశ్వవిద్యాలయ విద్యార్థుల పోరాటం గురించి పి.ఎన్. రామచంద్ర తీసినది. మన ఊరి కథను కేరళ చూస్తానంటే ఢిల్లీ వద్దంది. 2019లో అదే ఉత్సవంలో ఆనంద్ పట్వర్ధన్ ‘వివేక్’ను కేరళ హైకోర్టు ఆదేశంతో చూపగలిగారు. ప్రతి సినిమా వెంటా ఒక వకీలు ఉండడు. ఉత్సవాల్లో చూపే సినిమాకు నిర్వాహకుల బాధ్యత చాలు, ఈ ముందస్తు మినహాయింపు షరతును చట్టంలోంచే తీసెయ్యాలి.

ప్రభుత్వాన్ని మాత్రమే అని లాభం లేదు. మన ఊరిని మనం చూసుకోవడానికి మనం మాత్రం ఏం చేశాం? 1984లో హైదరాబాద్ పాతబస్తీలో మత ఘర్షణలు జరిగాయి. వాటి మీద దీపా ధన్‌రాజ్ ‘క్యా హువా ఇస్ షహర్ కో’ తీశారు. 1986లో వచ్చిన ఆ సినిమాలో కర్ఫ్యూ గల్లీలు, రాజకీయ సభలు, ఇళ్లు పోగొట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి. ఈ నగరం తనకేం జరిగిందని తనను తాను అడుగుతున్న ప్రశ్నే దాని పేరు. మూడు దశాబ్దాలు కావస్తుండగా ఆ ప్రతిని బాగుచేసి, డిజిటల్ రూపంలోకి మార్చి, మళ్లీ చూడదగినట్టు చేసింది బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ.